కరిగిన కొవ్వు ఏమైనది?

*సూదిమందులు, ఉపవాసములు, తెల్లవారుజాము నడకలు: నేడు ఎక్కడ నలుగురు కూడినను బరువు తగ్గుటను గూర్చిన ప్రసంగమే. దేహమును విడిచిన ఆ బరువు చేరిన చోటేదో వెదకుచు పోయినచో ఆ దారి ప్రతి కణములోను రేయింబవళ్లు సాగు శ్వాసక్రియయొద్దకు చేర్చును. ఆ దారిలో మనకు ఒక భీమవరపువాడును ఎదురగును.*

మొదటి ప్రపంచ సంగ్రామము ముమ్మరముగా సాగుచుండిన దినములవి. ఫ్రాన్సు దేశపు మందుగుండు కర్మాగారములలో, ఫిరంగిగుండ్లలో దట్టించు పేలుడుద్రవ్యమును కలుపుచు, దాని పసుపువన్నె ధూళిలో పగలెల్ల గడుపుచుండిన శ్రామికులకు ఒక వింతవ్యాధి పట్టుకొనెను. మొదట చర్మము పచ్చబడెను. పిమ్మట చలిరాత్రులయందు సైతము ఒడలెల్ల తడిసిపోవునంత చెమట, ఎంత త్రాగినను తీరని దాహము, ఊరక కూర్చున్నను ఆయాసము, తిండి తగ్గకున్నను దినదినము శుష్కించు దేహము. వారిలో కొందఱు పనినుండి ఇంటికి మఱలివచ్చి మంచము పట్టి, ఏ ఉపచారమునకును లొంగని జ్వరము గంటగంటకును పెరుగుచుండగా, తెల్లవాఱకమునుపే ప్రాణములు విడిచిరి. శవములు బిగుసుకొనుట సైతము సాధారణముకన్న మిక్కిలి శీఘ్రముగా జరుగుట చూచి వైద్యులు విస్తుపోయిరి. సూక్ష్మజీవి జాడ ఏదియు లేదు. ఒడలిలో ఏదియో తగులబడుచున్నదనుట స్పష్టము; అది ఎక్కడ తగులబడుచున్నదో, దేనివలన తగులబడుచున్నదో చెప్పగలవారు మాత్రము ఆనాడు లేరు.

ఆ పసుపుపొడి పేరు డైనైట్రోఫినాల్. అది మనుష్యులనెట్లు చంపినదో పూర్తిగా తెలియుటకు విజ్ఞానులకు ఇంచుమించు అర్ధశతాబ్దము పట్టెను. ఏలయన, ఆ పొడి దెబ్బకొట్టిన చోటు ఊపిరితిత్తులు కాదు, గుండె కాదు, కణములలోని శ్వాసక్రియ. ఆ క్రియ ఎట్లు సాగునో ఎఱుగనివారికి దాని భంగము మాత్రమెట్లు తెలియును?

ఎవరును అడుగని ప్రశ్న

"ఏమి వదినా, మూడు కిలోలు తగ్గితివట! ఏమి తినుచున్నావు?" అని పెండ్లిపందిట అడుగువారు కలరు, "తినుట కాదు, మానుట" అని వదిన చెప్పు సమాధానమును శ్రద్ధతో వినువారును కలరు. 2025వ సంవత్సరమున మన దేశపు విపణికి చేరిన, వారమునకొకమాఱు పొడుచుకొను సూదిమందులు ఈ ప్రసంగమునకు క్రొత్త ఊపు నిచ్చినవి. కాని తగ్గిన ఆ మూడు కిలోలు ఎందు పోయినవని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు. ఇంటిలోనుండి మూడు కిలోల బియ్యము మాయమైనచో ఊరకుండని ఇల్లాలు సైతము దీనిని పట్టించుకొనదు.

అడిగినవారు ఇద్దఱు కలరు. ఒకరు భౌతికశాస్త్రము చదివి టెలివిజనులో విజ్ఞానవిషయములు చెప్పు రూబెన్ మీర్మన్. రెండవవారు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆండ్రూ బ్రౌన్. వారు వైద్యులను, ఆహారనిపుణులను, వ్యాయామశిక్షకులను, మొత్తము 150 మందిని విచారించిరి. కొవ్వు శక్తిగానో వేడిగానో మాఱిపోవునని పెక్కుమంది చెప్పిరి. మలముగా పోవునని కొందఱు, కండగా మాఱునని కొందఱు చెప్పిరి. 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నందు వెలువడిన వారి లెక్క ఈ సమాధానములన్నింటిని త్రోసిపుచ్చినది. పది కిలోల కొవ్వు దేహమునందు పూర్తిగా దహనమైనచో, అందు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడు రూపమున ముక్కుద్వారా గాలిలో కలిసిపోవును; మిగిలిన 1.6 కిలోలు నీరై చెమటలోను మూత్రములోను పోవును. ఈ దహనమునకై 29 కిలోల ప్రాణవాయువును లోనికి పీల్చుకొనవలయును. కొవ్వులోనుండి వెలువడిన శక్తికి తూకము లేదు. తూకముగల పరమాణువులెల్ల ఊపిరిగాను నీరుగాను బయటికి నడచినవి.

అట్లని గబగబ ఊపిరి విడిచిన సన్నబడుదుమని ఎవరును తొందరపడరాదు. కన్నులు తిరుగునే గాని కొవ్వు కదలదు. ఊపిరితిత్తులు వాకిళ్లు మాత్రమే. బయటికి పోవు వాయువు తయారగు చోటు వేఱు.

పారిసు నగరమున ఒక ముసుగు

ఈ లెక్కకు మూలపురుషుడు ఆంట్వాన్ లావోజియే. ప్రభుత్వమునకై పన్నులు వసూలుచేయు సంస్థలో భాగస్వామియై ధనము గడించి, ఆ ధనమును త్రాసులకును గాజుపాత్రలకును వెచ్చించిన మహనీయుడాయన. 1782-83 శీతకాలమున, గణితవేత్త లాప్లాసుతో కలిసి, చుట్టును మంచు దట్టించిన పాత్ర నడుమ ఒక గినీపందిని కూర్చుండబెట్టి, దాని ఒడలివేడికి ఎంత మంచు కరిగినదో, అంతకాలములో అది ఎంత కార్బన్ డయాక్సైడు విడిచినదో కొలిచెను. అంతే వాయువు నిచ్చునట్లు బొగ్గును కాల్చి, ఆ వేడికి కరిగిన మంచునుకూడ కొలిచెను. రెండు లెక్కలును ఇంచుమించు సరిపోయినవి. జంతువు ఊపిరి పీల్చుటయు బొగ్గు మండుటయు మూలమున ఒకటే వ్యాపారమని ఆయన నిర్ణయించెను.

జంతువుతో ఆగలేదు. ఆయన సహచరుడు ఆర్మాండ్ సెగాఁ ముఖమునకు బిగుతైన ముసుగు తగిలించుకొని, గొట్టముద్వారా ప్రాణవాయువును పీల్చుచు కూర్చుండెను. కాలితో తొక్కుచు బరువు నెత్తునప్పుడు, ఊరక కూర్చున్నప్పటికంటె రెట్టింపునకు మించిన ప్రాణవాయువు ఖర్చగుచున్నదని తేలెను. భోజనమైన తరువాత ఆ ఖర్చు ఇంకను హెచ్చెను. వ్యాయామమునకును తిండికిని ఊపిరికిని గల లెక్కసంబంధమును మానవుడు మొదటిసారి చూచినది ఆ గదిలోనే. ఆ దృశ్యమును చిత్రించినది లావోజియే భార్య మరీ-ఆన్. ఆ చిత్రములో ఒక ప్రక్క బల్లయొద్ద కూర్చుండి అంకెలు వ్రాసికొనుచున్న స్త్రీ ఆమెయే. 1794 మే 8వ తేదీన, విప్లవ న్యాయస్థానము తీర్పున, పన్నులసంస్థ భాగస్వాములతోపాటు లావోజియే శిరస్సును గిలటిన్ క్రింద పడెను. ముసుగు తొడిగికొన్న సెగాఁ మాత్రము సైన్యమునకు తోలు సరఫరాచేసి కోటీశ్వరుడయ్యెను. చరిత్ర ఎవరికి ఏమి పంచిపెట్టునో చెప్పలేము.

దహనము ఊపిరితిత్తులలోనే జరుగునని లావోజియే తలచెను. ఈ పొరపాటు దిద్దుకొనుటకు చాలకాలము పట్టెను. స్పల్లంజాని అను ఇటాలియను మతాచార్యుడు నత్తలపైనను, జంతుదేహములనుండి వేఱుచేసిన అవయవములపైనను చేసిన పరీక్షలు ఆయన మరణించిన పిమ్మట 1803లో వెలువడి, ఏ కండకాకండయే ప్రాణవాయువును గ్రహించునని సూచించినవి. 1870వ దశకమున బాన్ నగరపు ఫ్ల్యూగర్ ప్రయోగశాలలో కప్ప నెత్తురునంతయు తీసివేసి ఉప్పునీరు నింపినను, ప్రాణవాయువున ఉంచినంతసేపు ఆ కప్ప శ్వాసక్రియ తగ్గలేదు. అనగా, నెత్తురు మోయునదే గాని కాల్చునది కాదు. కాల్చునవి కణములు.

తగులబడని దహనము

ఇక్కడ ఒక చిక్కు కలదు. 180 గ్రాముల గ్లూకోజును కాల్చినచో 686 కిలోకేలరీల వేడి పుట్టును. ఆఱు లీటర్లకు పైగా చన్నీటిని సలసల మరిగించుటకు చాలిన వేడి యది. ఇంత వేడి కణములో ఒక్కమాఱుగా వెలువడినచో కణము ఉడికిపోవును. కాని దేహము ఇంచుమించు 37 డిగ్రీలయొద్దనే నిలుచును. కావున కణము చక్కెరను తగులబెట్టుట లేదు. ఒక్కొక్క మెట్టు దింపుచు, ప్రతి మెట్టుకు ఒక్కొక్క ఎంజైమును కావలి ఉంచి, వెలువడు శక్తిలో కొంత భాగమును పనికి కట్టివేయుచున్నది. ఈ కట్టివేయుటలోనే జీవరహస్యమంతయు కలదని నా అభిప్రాయము. దహనము కొఱవికిని తెలియును. దహనమును పనితో ముడివేయుట కణమునకు మాత్రమే తెలియును.

ఎంజైముల జాడ దొరికిన తీరు విచిత్రము. 1897లో ఎడువార్డ్ బుఖ్నర్ ఈస్టుకణములను ఇసుకతో నూఱి, గట్టిగా పిండి, తీసిన రసము చెడకుండుటకై, పండ్లను పాకములో ఊరవేయు పద్ధతిని, అందు చక్కెర కలిపెను. రసము చెడకుండుట అటుండగా, బుడగలు రాసాగెను! కల్లుకుండపై నురుగును కట్టించు పనియే అది. కాని ఇచట బ్రతికియున్న కణము ఒక్కటియు లేదు. పులియుట ప్రాణములేనిది జరుగదని జీవితాంతము వాదించిన పాశ్చర్ అప్పటికి రెండేండ్లక్రితమే గతించెను. బుఖ్నరుకు 1907లో నోబెల్ బహుమానము వచ్చెను; 1917లో రుమేనియా యుద్ధరంగమున గాయపడి ఆయన మరణించెను.

పులియుట అన్నది శ్వాసక్రియకు మొదటి మెట్టే. ప్రాణవాయువు అక్కఱలేకయే గ్లూకోజు రెండు తునకలగును. ఈస్టులో అవి మద్యసారముగాను, పరుగెత్తువాని పిక్కలో లాక్టికామ్లముగాను మాఱవచ్చును. కండ ముడుచుకొనుటకు శక్తి నిచ్చునది ఈ లాక్టికామ్లమే యని 1920వ దశకమున అందఱును నమ్మిరి. కండలలోని వేడిని, లాక్టికామ్లమును పరిశోధించిన హిల్, మైయర్‌హోఫ్ అను ఇరువురకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము దక్కెను. ఆ నమ్మకమును కదల్చినవారిలో మనవాడొకడు కలడు.

భీమవరము వైద్యుడు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను రెండుమాఱులు తప్పి మూడవమాఱు గట్టెక్కినవాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్సాగదికి ఖద్దరు దుస్తులతో పోయిన నేరమునకు, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువ తరగతి పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చినవాడు. సోదరులిద్దఱు గ్రహణిరోగమువంటి ఉష్ణదేశవ్యాధితో కొద్దిదినముల వ్యవధిలో కన్నుమూయగా, ఆయుర్వేదకళాశాలలో పాఠములు చెప్పుచు, సముద్రములు దాటి చదువుకొనవలయునని కలలుకన్నవాడు. మామగారి సాయముతోను కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోను బోస్టను చేరి, పగలు హార్వర్డులో చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు పొట్టపోసికొనెను.

ఆచార్యుడు సైరస్ ఫిస్క్ ఆయనకు అప్పగించిన పని, నెత్తుటిలోను మూత్రములోను భాస్వరమును కొలుచు సులువైన పద్ధతిని కనిపెట్టుట. నీలవర్ణమును బట్టి భాస్వరమును లెక్కగట్టు ఆ పద్ధతి 1925లో వెలువడెను. ప్రయోగశాలలలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతియను పేరు నేటికిని వినబడును. కాని అసలు కథ ఆ తరువాతిది. కండల రసమును ఈ పద్ధతితో పరీక్షించునప్పుడు నీలిరంగు వెంటనే రావలసినంత రాక, నెమ్మదినెమ్మదిగా చిక్కబడసాగెను. మఱొకడైనచో పద్ధతిలో లోపమని దాటవేసియుండును. ఈ జాప్యమునకు కారణము, కండలో భాస్వరము ఏదియో పదార్థముతో వదులుగా ముడిపడియుండి, ఆమ్లము తగులగానే మెల్లగా విడివడుటయే అని ఆ ఇరువురును గ్రహించిరి. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించిరి. అదే యేట లండనులో ఎగుల్‌టన్ దంపతులును వేఱుదారిన అచటికే చేరిరి. 1929లో కండలనుండి మఱియొక పదార్థము బయటపడెను: మూడు ఫాస్ఫేటులు వరుసగా తగిలించుకొన్న ఏ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావులు, ఒకరి సంగతి ఒకరెఱుగకయే, అదే సంవత్సరము దానిని వెలికితీసిరి.

మఱుసటి యేడు కోపెన్‌హేగెనులో లుండ్స్‌గార్డ్ ఒక విషముతో లాక్టికామ్లము పుట్టుటను పూర్తిగా ఆపివేసి చూపెను. కండ అప్పటికిని ముడుచుకొనుచునేయుండెను, ఫాస్ఫోక్రియాటిన్ మాత్రము తరుగుచుండెను. శక్తి లాక్టికామ్లముది కాదు, భాస్వరపు ముడిది. తన సిద్ధాంతమే కూలినను హిల్ దానిని బహిరంగముగా అంగీకరించి, కండల శాస్త్రమున విప్లవము వచ్చినదని తానే వ్రాసెను. తిన్నది అన్నమైనను కొవ్వైనను, తుదకు కణము వాడుకొనునది ఏ.టి.పి. రూపమున మాత్రమే, కన్నురెప్ప కదలుటకును, ఈ వాక్యము చదువుటకును అదియే.

హార్వర్డులో సుబ్బారావునకు స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థకు పోయి, అచట ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేయు బృందమును నడిపి, తన సోదరులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి ఉపకరించు మందును లోకమున కందించెను. క్యాన్సరు, బోదకాలు మందుల చరిత్రలోను ఆయన పేరు కలదు. 1948 ఆగస్టులో, 53 యేండ్ల ప్రాయమున, నిద్రలోనే మరణించెను. ఏ.టి.పి. యను మాట మన పిల్లల పాఠ్యపుస్తకములలో పుటపుటను కనబడును. దాని ప్రక్కన ఈయన పేరు ఎన్ని పుస్తకములలో కలదో తల్లిదండ్రులు తెఱచి చూడవచ్చును.

> కొన్ని లెక్కలు
>
> ఒక గ్లూకోజు అణువునుండి 38 ఏ.టి.పి.లు వచ్చునని పెద్దలు చదువుకొన్నారు. నేటి కొలతల ప్రకారము సుమారు 30 నుండి 32 మాత్రమే. అందు ప్రాణవాయువు లేకయే దక్కునవి రెండు.
>
> దేహమున ఏ క్షణమందైనను ఉండు ఏ.టి.పి. స్వల్పము; కాని అదే మాటిమాటికి విఱిగి మరల తయారగుచుండుటచే, రోజుకు తయారగు మొత్తము ఇంచుమించు మన దేహపు బరువంత యుండునని అంచనా.
>
> ప్రాణవాయువును మోసి ఇంటింటికిని చేర్చు ఎఱ్ఱ రక్తకణములలో, ఆ వాయువుతో ఏ.టి.పి.ని తయారుచేయు మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు లేవు. మోయుచున్న దానిలో ఒక్క అణువునైనను తమ శక్తికై ఆ కణములు వాడుకొనవు.

తిరిగివచ్చిన ఉత్తరము

కొవ్వులోని కర్బనము కార్బన్ డయాక్సైడుగా మాఱు చోటు మైటోకాండ్రియాలోని ఒక వలయము. దానిని కనిపెట్టిన హాన్స్ క్రెబ్స్, యూదుడగుటచే 1933లో ఫ్రైబుర్గు ఉద్యోగమునుండి తొలగింపబడి, ఇంగ్లండు చేరి, షెఫీల్డులో పావురపు ఱొమ్ముకండను తఱిగి, అది పీల్చు వాయువును కొలుచుచు, సిట్రికామ్లముతో మొదలై సిట్రికామ్లముతోనే ముగియు చక్రమును 1937లో పట్టుకొనెను. నేచర్ పత్రికకు పంపిన లేఖ, స్థలము చాలదను సంపాదకుని మర్యాదపూర్వక సమాధానముతో తిరిగివచ్చెను. హాలెండు పత్రికయొకటి దానిని ప్రచురించెను. 1953లో నోబెల్ బహుమానము దానికే దక్కెను. పత్రికాసంపాదకులమైన మేము ఈ కథను తలచుకొనునప్పుడెల్ల కొంచెము తల వంచుకొందుము.

ఈ వలయమున కర్బనము పోయెను. ఉదజనిలోని ఎలక్ట్రాన్లు మిగిలెను. వాని గతి ఏమి? 1886లోనే ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ అను ఊరి వైద్యుడు చార్లెస్ మక్‌మన్, రోగులను చూడగా మిగిలిన వేళలలో వర్ణపటదర్శినితో జంతువుల కండలను పరిశీలించి, నెత్తురుతో సంబంధములేని నల్లని చారలు వర్ణపటమున కనుగొని, ఇది కండల ఊపిరియే అని వ్రాసెను. రక్తరసాయనమున ఆనాటి మహామహుడగు హోపె-జైలర్ దానిని కొట్టిపాఱవేసెను. మక్‌మన్ 1911లో ఎవరికిని పట్టనివాడై పోయెను. 1925లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కైలిన్, గుఱ్ఱపు కడుపున పెరుగు ఈగ జాతిని పరిశీలించుచు, అవే చారలను మరల చూచెను. ఈస్టు కలిపిన నీటిని గాలితో కుదుపగా చారలు మాయమయ్యెను. కదలకుండ ఉంచగా, ఈస్టు ఆ గాలిని వాడుకొన్న వెంటనే తిరిగి కనబడెను. కణము ఊపిరి పీల్చుటను ఒక మానవుడు కంటితో చూచిన ఘట్టము, నా మటుకు, శాస్త్రచరిత్రలో ఎన్నదగిన వానిలో నొకటి. ఆయన వానికి సైటోక్రోములని పేరిడి, మక్‌మన్‌కు దక్కవలసిన గౌరవమును దక్కించెను. ఎలక్ట్రాన్లు ఒక సైటోక్రోమునుండి మఱియొకదానికి చేతులు మాఱి, తుదకు ప్రాణవాయువును చేరగా నీరు పుట్టును. మనము పీల్చు ప్రాణవాయువు కార్బన్ డయాక్సైడుగా బయటికి వచ్చునని పెక్కుమంది తలంతురు. నిజమునకు అది కణములో నీరగును. సయనైడు విషము ఆపివేయునది ఈ చివరి మెట్టునే.

ఆనకట్టయు, గండియు

ఎలక్ట్రాన్ల ఈ ప్రయాణము ఏ.టి.పి.ని ఎట్లు పుట్టించును? దీనికై ఏదో ఒక రసాయనపదార్థము మధ్యవర్తిగా ఉండవలయునని ఇరువదియేండ్లు వెదకిరి, దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అను ఆంగ్లేయుడు అట్టి పదార్థమే లేదనెను. ఎలక్ట్రాన్లు జాఱునప్పుడు వెలువడు శక్తితో మైటోకాండ్రియా తన లోపొరకు ఆవల ప్రోటాన్లను తోడిపోయును. నాగార్జునసాగరమున ఎగువ నిలిచిన కృష్ణాజలము గొట్టముల వెంట దిగి టర్బైనులను త్రిప్పునట్లు, ఆవల గుమిగూడిన ప్రోటాన్లు ఒక ఎంజైముగుండ మరల లోనికి దిగుచు ఏ.టి.పి.ని తయారుచేయును. పొర మందము మీటరులో కొన్ని వందకోట్లవ వంతులు మాత్రమే. దాని ఇరువైపుల గల విద్యుద్భేదమును మీటరు మందమునకు లెక్కగట్టినచో సుమారు మూడుకోట్ల వోల్టులు, పిడుగు పడునప్పటి తీవ్రత. మిచెలును నమ్మినవారు తక్కువ. ఆయన ఆరోగ్యము చెడి ఎడిన్‌బరో విడిచి, కార్న్‌వాల్ ప్రాంతమున పాడుబడిన గ్లిన్ హౌస్ అను భవంతిని బాగుచేయించుకొని, సహచరి జెనిఫర్ మోయిల్‌తో అచటనే ప్రయోగశాల పెట్టి, ప్రపంచముతో పోట్లాడెను. 1978లో నోబెల్ బహుమానము ఆయనకొక్కనికే వచ్చెను. 1997లో జపాను శాస్త్రజ్ఞులు ఆ ఎంజైమునకు ఒక మెఱయు పోగును అంటించి, అది గిరగిర తిరుగుట సూక్ష్మదర్శినిలో చూపిరి. టర్బైను మాట అలంకారము కాదని తేలెను.

ఇప్పుడు పసుపుపొడి రహస్యము తేటపడును. డైనైట్రోఫినాల్ అణువు ఆ పొరగుండ ఇటునటు తిరుగుచు, ప్రోటాన్లను మోసి లోనికి విడిచివేయును. అనగా ఆనకట్టకు గండి. ఎలక్ట్రాన్లు జాఱుట ఆగదు, పైపెచ్చు, గండి పూడ్చు యత్నమున అవి మఱింత వేగముగా జాఱును, ప్రాణవాయువు ఖర్చు హెచ్చును, కొవ్వు కరుగును. కాని పనికి కట్టుబడవలసిన శక్తియంతయు ఉత్త వేడియై పోవును. ఫ్రాన్సు శ్రామికుల చెమట, ఆయాసము, లొంగని జ్వరము ఇందువలననే. ముడిచిన కండ సడలుటకు ఏ.టి.పి. కావలయును, అది అడుగంటుటచేతనే వారి శవములు అంత త్వరగా బిగుసుకొనెను. దహనమును పనితో ముడివేయు బంధమును ఈ పొడి తెంపునని 1948లో లూమిస్, లిప్‌మన్ చూపిరి. తెంపు విధమును మిచెల్ చెప్పెను.

నడుమ జరిగినది తలచుకొన్న ఒడలు జలదరించును. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యులు కటింగ్, టెయిన్‌టర్ స్థూలకాయులకు ఇదే పొడినిచ్చి, బరువు తగ్గుచున్నదని ప్రకటించిరి. వైద్యుని చీటి అక్కఱలేకయే దుకాణములలో అమ్మిరి; ఏడాది తిరుగకమునుపే అమెరికాలో లక్షమంది వాడియుందురని టెయిన్‌టర్ అంచనా. కొందఱు యువతులకు కన్నులలో శుక్లములు కమ్మినవి. కొందఱు జ్వరముతో కాలి మరణించిరి. ఇది మనుష్యులు మ్రింగదగినది కాదని 1938లో చట్టము వచ్చినది. ఆ పొడి అంతటితో పోలేదు. అంతర్జాలమున కండలు పెంచు యువకులకును సన్నబడగోరు యువతులకును నేటికిని అమ్ముడుపోవుచున్నది; బ్రిటనులో పలువురు మరణించిన పిమ్మట 2023 అక్టోబరునుండి అనుమతి లేనిదే కొనరాని విషముల పట్టికలో దానిని చేర్చిరి. దీనికి విఱుగుడు లేదు. ఆసుపత్రిలో మంచుతో చల్లబఱచుచు వేచియుండుటయే.

> తల్లినుండియే వచ్చు వారసత్వము
>
> మైటోకాండ్రియాకు స్వంతముగా 37 జన్యువులు కలవు. అవి తల్లినుండి మాత్రమే బిడ్డకు సంక్రమించును. వానిలో దోషమున్నచో, శక్తి అధికముగా కావలసిన మెదడు, గుండె, కండలు, కన్నులు మొదట దెబ్బతినును. ఒకేయింట వరుసగా బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు కలరు.
>
> తల్లి అండపు కేంద్రకమును తీసి, ఆరోగ్యవంతమైన మైటోకాండ్రియాగల మఱియొక స్త్రీ అండమునకు చేర్చు పద్ధతిని 2015లో బ్రిటను చట్టబద్ధము గావించెను. న్యూకాసిల్ వైద్యులు 2025 జూలైలో తెలిపిన ప్రకారము ఈ విధముగా ఏడుగురు తల్లులకు ఎనమండుగురు బిడ్డలు కలిగిరి. నలుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు.

పసికందు ఒడలిలో

గండి యనునది ఎల్లవేళల చెఱుపే యనరాదు. అప్పుడే పుట్టిన బిడ్డ చలికి వణకలేదు. వణకుటయే పెద్దలకు వేడి పుట్టించు మార్గము. మఱి తల్లికడుపు వెచ్చదనమునుండి ఒక్కమాఱుగా బయటపడిన ఆ శిశువు బ్రతుకుటెట్లు? దాని మెడచుట్టును, భుజముల నడుమను గోధుమరంగు కొవ్వు కొంత కలదు. ఆ రంగు మైటోకాండ్రియాలోని ఇనుముది. అవి అందు అంత దట్టముగా నుండును. వాని లోపొరలో ఒక ప్రోటీను కలదు; చలి తగిలినంతనే నాడులు ఆజ్ఞాపింపగా అది తెఱచుకొని ప్రోటాన్లను లోనికి విడిచి, పుట్టిన శక్తినంతయు వేడిగా మార్చి, వెచ్చబడగానే మూసికొనును. పసుపుపొడి చేయు పనియే ఇది. తేడా ఏమనగా, దీనికి తలుపును, ఆ తలుపునకు యజమానియు కలరు.

మంత్రసానులు బిడ్డను కడుగగానే మెత్తని బట్టలలో చుట్టి తల్లి ఱొమ్మునకు ఆనించుటలో ఈ కొవ్వు భారము తగ్గించు వివేకమున్నది. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు ఈ నిల్వ మిక్కిలి కొద్దిగా ఉండుటచే వారి విషయమున వెచ్చదనము ప్రాణావసరము. ఈ గోధుమకొవ్వు ఎదిగినకొలది పూర్తిగా మాయమగునని చిరకాలము తలచిరి. 2009లో పెక్కుదేశముల వైద్యులు పెద్దలలోను, మెడయొద్ద, కంఠపుటెముకల పైభాగమున, అది నిలిచియుండి చలిలో మేల్కొనుట ఛాయాచిత్రములలో చూచిరి. దానిని మందుతో మేల్కొల్పు యత్నములును, డైనైట్రోఫినాల్ గండిని చిన్నదిగా, తనంతట తాను పూడుకొనునదిగా చేయు యత్నములును అప్పటినుండి సాగుచున్నవి. నేటి సూదిమందులు ఈ పొర జోలికి పోయి పనిచేయునవి కావు. అవి ప్రధానముగా ఆకలిని అణచి, తిండి తగ్గించి, దేహము తన నిల్వను తానే ఖర్చుచేసికొనునట్లు చేయును. పొరకు సురక్షితమైన గండి పెట్టగల మందు ఏదియు ఇంతవరకు వైద్యుల చేతికి రాలేదు.